కదిలిన బుడగ: వెలుగు పోయిన ఒక చంద్రకాంతమణి (మూన్‌స్టోన్) కేసు

ఉంగరం నా బల్ల మీదికి రాకముందే దాని మీద తీర్పు అయిపోయింది. రాయి మార్చేశారు, అంతే.

తెచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. చిన్న డబ్బా మూత తీసి, ఉంగరాన్ని ముట్టుకోకుండా డబ్బాతో సహా నా వైపు జరిపారు. “ఉంగరం మా అమ్మమ్మదేనండీ. రాయి మాత్రం ఆవిడది కాదు. అదొక్కటి కాగితం మీద రాసివ్వండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను” అన్నారు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. ఇంట్లో అప్పటికే దీని గురించి పెద్ద గొడవే అయిందని తర్వాత తెలిసింది.

ఆరు రోజుల ముందు ఆ ఉంగరాన్ని ఒక నగల దుకాణంలో క్లీనింగ్‌కి ఇచ్చారట. వెండి బాగా నల్లబడి ఉందని. లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో తిరిగిచ్చారు. వెండి తళతళలాడుతోంది. రాయిలో మాత్రం, ఉంగరం తిప్పినప్పుడల్లా అటూ ఇటూ తేలే నీలి వెలుగు లేదు. సబ్బునీళ్ల రంగులో పాలిపోయిన గోళీ ముక్కలా ఉంది. ఆ పది నిమిషాలూ రాయి కళ్ల ముందు లేదు కాబట్టి అప్పుడే మార్చారని వాళ్ల లెక్క.

లేవబోతూ ఇంకో మాట అన్నారు. “చంద్రుడితో పాటే ఈ రాయి పెరుగుతుంది, తగ్గుతుంది అనేది అమ్మమ్మ. పూర్తిగా ఆరిపోతే ఇంటికి మంచిది కాదని కూడా అనేది.” ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

రత్నాల పరీక్ష, పొదగడం రెండూ చేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. రాయి మార్చారన్న ఫిర్యాదులు తరచూ వస్తాయి. నిజంగా మార్చినవి నేను చూసినంతలో తక్కువే, కానీ ఉన్నాయి. అందుకే పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరి పక్షానా మాట్లాడకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. ఈ కేసులో దాన్ని దాదాపు తప్పాను.

మొదటి చూపు, మొదటి పొరపాటు

రాయి కోలగా ఉంది. పొడవు 12 మిల్లీమీటర్లు, వెడల్పు 10. పైభాగం గుమ్మటంలా, ముఖాలు లేకుండా సాన పట్టిన క్యాబొషాన్. చుట్టూ సన్నటి వెండి పట్టీని రాయి మీదికి మడిచి బిగించారు. మేం దాన్ని బెజెల్ అంటాం. వెనక వైపు పూర్తిగా మూసేసి ఉంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి.

రాయి నగలో బిగించి ఉంటే చేయగలిగే పరీక్షలు తక్కువ. విడిగా తూచలేం, వెనక నుంచి లైటు పంపలేం. రాయి కాంతిని ఎంత వంచుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద గుమ్మటాన్ని ఆనించి చుక్క పద్ధతిలో చూస్తే ఆ కొలత, అంటే వక్రీభవన గుణకం, 1.52 దగ్గర వచ్చింది. చంద్రకాంతానికి ఉండాల్సింది 1.518 నుంచి 1.526 దాకా. సరిపోయినట్టే. చిక్కేమిటంటే మామూలు గాజు రకాలు చాలావరకు ఆ అంకె చుట్టుపక్కలే తిరుగుతాయి. మూన్‌స్టోన్ పేరు చెప్పి అంటగట్టే పాలగాజు కూడా గాజే కదా.

తర్వాత పదింతలు చూపించే లూప్ అనే చిన్న భూతద్దం పెట్టాను. రాయి అడుగున, అంచుకి దగ్గరగా, గుండ్రటి బుడగ ఒకటి కనిపించింది. మా పనిలో గుండ్రటి గాలిబుడగ అంటే గాజుకి మొదటి సాక్ష్యం. భూమిలో పెరిగిన ఫెల్డ్‌స్పార్‌లో (చంద్రకాంతం ఆ ఖనిజ కుటుంబానిదే) అలాంటిది ఉండదు. వెలుగు చచ్చిపోయి ఉంది, అంకె గాజుతో కలుస్తోంది, పైగా బుడగ. “మీ అనుమానం నిజమేననిపిస్తోందమ్మా” అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

చెయ్యి నొప్పెట్టి పట్టకారు మార్చుకోబోతూ ఉంగరాన్ని కాస్త వాల్చాను. బుడగ కదిలింది.

గాజులో బుడగ కదలదు. గాజు గడ్డకట్టినప్పుడు ఎక్కడ చిక్కుకుందో ఎప్పటికీ అక్కడే ఉంటుంది. రెండో వైపు వాల్చి చూశాను. గోడ కట్టేవాళ్ల రసమట్టంలో బుడగలాగా నెమ్మదిగా, కాస్త మొండికేసి, పై అంచు వైపు జరిగింది. అంటే అది రాయిలో లేదు. రాయికీ దాని కింది వెండికీ మధ్య నీళ్లు నిలిచాయి, బుడగ ఆ నీళ్లలో ఉంది.

నవ్వొచ్చింది. వెన్నెల తగిలితే చంద్రకాంతశిల చెమ్మగిల్లి నీరు కారుస్తుందని సంస్కృత కవులు పదేపదే చెప్పారు. మేఘసందేశంలో కాళిదాసు అలకాపురి మేడల్లో ఆ రాళ్లను వేలాడదీసి వాటి చుక్కలతో ప్రియురాళ్ల అలసట తీర్పించాడు. ఈ ఉంగరంలో మాత్రం చంద్రకాంతం కింద నిజంగానే నీళ్లున్నాయి. ఆ నీళ్లు అక్కడికి చేరిన దారి ఏమంత కావ్యాత్మకం కాదు.

జెర్రి గుర్తు

నీళ్లు దొరికినంత మాత్రాన రాయి అదేనని తేలదు. మార్చిన రాయి కిందకీ నీళ్లు వెళ్లగలవు. ఈసారి బుడగని వదిలేసి రాయి లోపల వెతికాను.

చంద్రకాంతంలో ఒక ప్రత్యేకమైన గుర్తు కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో ఒక సన్నటి గీత, దానికి రెండు పక్కలా పొట్టి పొట్టి పగుళ్లు కాళ్లలా నిలబడి ఉంటాయి. అచ్చం జెర్రి. ఈ రంగంలో అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. రాయి లోపలి ఒత్తిళ్ల వల్ల ఏర్పడే పగుళ్లవి. గాజులో రావు. ఈ రాయిలో, ఉంగరంలో చెక్కిన చిన్న ఆకు బొమ్మని పైకి పెట్టి గడియారంలా చూస్తే నాలుగు గంటల చోట అలాంటి జెర్రి ఒకటి ఉంది. పక్కనే దాని పిల్లలా ఇంకోటి, సగం చెరిగినట్టు.

కాబట్టి ఇది సహజమైన చంద్రకాంతమే. కానీ అమ్మమ్మదేనా?

ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. రెండేళ్ల క్రితం అక్కచెల్లెళ్లు నగలు పంచుకున్నప్పుడు ప్రతి వస్తువునీ స్కేలు పక్కన పెట్టి ఫోన్‌లో దగ్గరగా ఫోటోలు తీశారట. ఆవిడ ఫోన్‌లో వెతికి చూపించారు. ఫోటోలో రాయి నిండా నీలం. వేళ్లతో జూమ్ చేసి నాలుగు గంటల చోటికి వెళ్లాను. జెర్రి ఉంది. పక్కన చెరిగిన పిల్ల కూడా ఉంది.

“రాయి మీదేనమ్మా” అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి వెలుగేదండీ?” అన్నారు.

వెలుగు ఎక్కడుంటుంది

ఇది అర్థం కావాలంటే రాయి ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. చంద్రకాంతం ఫెల్డ్‌స్పార్ కుటుంబానికి చెందింది. పొటాషియం ఉన్న ఆర్థోక్లేజ్, సోడియం ఉన్న ఆల్బైట్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఒకే స్ఫటికంలో కలిసి ఉంటాయి. భూమిలో నెమ్మదిగా చల్లారేకొద్దీ వాటికి పొసగదు. విడిపోతాయి, కానీ ఎక్కడికీ పోలేవు కాబట్టి ఒకదాని మీద ఒకటి అతి పల్చటి పొరలుగా సర్దుకుంటాయి. లోపలికి వెళ్లిన కాంతి ఈ పొరల దగ్గర చెదిరి బయటికి వస్తుంది. అదే ఆ తేలే వెలుగు. పొరలు మరీ పల్చగా ఉంటే నీలం ఎక్కువగా చెదురుతుంది, మందంగా ఉంటే తెల్లగా కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని అడ్యులా పర్వతాల పేరు మీద ఈ మెరుపుని అడ్యులరెసెన్స్ అంటారు. అందరూ మోజుపడే నీలం రకానికి శ్రీలంకలోని మీటియాగొడ పేరుపొందింది.

వెలుగు రాయి పైన ఉండదు, లోపల ఉంటుంది. దాన్ని ఎవరూ కడిగేయలేరు. కానీ అది బలహీనమైన వెలుగు. చెదిరిన కాస్త నీలం మన కంటికి ఆనాలంటే వెనక చీకటి ఉండాలి. వెనక తెల్లగా మెరిసే వెండి ఉంటే, రాయిని దాటిపోయిన మిగతా కాంతంతా దాని మీద పడి తిరిగొచ్చి ఈ నీలాన్ని ముంచేస్తుంది. పట్టపగలు ఆకాశంలో చంద్రుణ్ణి చూసినట్టు ఉంటుంది. ఉంటాడు, ఎవరూ పట్టించుకోరు.

కాబట్టి నా అనుమానం రాయి మీద నుంచి రాయి వెనక్కి వెళ్లింది. విప్పితే తప్ప తేలదని ఆవిడకు చెప్పాను. విప్పేటప్పుడు పగిలే ప్రమాదం ఉందని కూడా చెప్పి, రాసి, సంతకం తీసుకున్నాను. ఇది వినడానికి చాదస్తంలా ఉంటుంది. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఉంగరం సైజు పెంచడానికి చంద్రకాంతాన్ని విప్పకుండా అతుకు వేసే మంట టార్చి పెట్టాను. టిక్కుమని ఒక్క చప్పుడు. రాయి నిలువునా రెండు. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది, ఆ రాయి బదులు నా జీతంలోంచి కోత పెట్టి కొన్న కొత్త రాయి కూడా.

విప్పినప్పుడు

పాత బెజెల్‌ని మొండి అంచున్న ఉక్కు పనిముట్టుతో చుట్టూ వెంట్రుకవాసి చొప్పున లేపాను. ఒకే చోట బలం పెట్టకూడదు. చంద్రకాంతం కాఠిన్యం మోస్ కొలతలో 6 నుంచి 6.5. అది పరవాలేదు. అసలు భయం చీలిక. దాదాపు లంబకోణంలో రెండు దిక్కుల్లో ఇది చక్కగా చీలిపోతుంది, కట్టెకి ఈనె వెంట గొడ్డలి దిగినట్టు. గంటన్నర పట్టింది.

రాయి చేతిలోకి వచ్చాక అడుగు చూశాం. వెండి గిన్నెలాంటి ఆ గూటిలో బూడిదరంగు నీళ్లు, సబ్బు వాసన. నీళ్లలో నల్లటి పొలుసులు తేలుతున్నాయి, నఖం మీద పాత నెయిల్ పాలిష్ ఊడినట్టు. ఒక పొలుసు గూటి గోడకి ఇంకా అతుక్కునే ఉంది. ఈ ఉంగరం చేసినవాడు గూడు అడుగున నల్లటి లక్క పూత వేశాడు. నీలం బాగా ఎగియాలని పాతకాలం పనివాళ్లు చేసే పనే ఇది. దుకాణంలో కంపనాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో పెట్టగానే సబ్బునీళ్లు బెజెల్ సందులోంచి కిందికి వెళ్లాయి, ఆ కంపనం పూతని పొలుసులుగా ఊడగొట్టింది. లోపల తెల్లటి వెండి బయటపడింది. నీలం మునిగిపోయింది.

ఆవిడ ఎదురుగానే ఉన్నారు. రాయిని తుడిచి ముందు తెల్ల కాగితం మీద పెట్టాను. అదే పాలిపోయిన గోళీ. అక్కడి నుంచి తీసి, నగలు చూపించే నల్ల మఖ్మల్ గుడ్డ మీద పెట్టి, గదిలో ట్యూబ్‌లైట్లు ఆపి, టేబుల్ ల్యాంప్ ఒక్కటే ఉంచాను. నీలం ఒక్కసారిగా రాయి మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆవిడ తల కదిలిస్తే అది కూడా కదిలింది. ఆవిడ కళ్లజోడు తీసేసి తుడుచుకున్నారు. నేను పనిముట్లు సర్దుకుంటున్నట్టు నటించాను.

విడిగా ఉంది కాబట్టి మిగతా పరీక్షలు కూడా పూర్తి చేశాను. గాలిలో బరువు 4.12 క్యారెట్లు, నీళ్లలో 2.52. లెక్కవేస్తే సాంద్రత 2.57 పైన వస్తుంది, చంద్రకాంతానికి సరిగ్గా ఉండాల్సింది అదే. రెండు ధ్రువణ ఫిల్టర్ల మధ్య రాయిని పెట్టి చూసే పోలారిస్కోప్‌లో తిప్పితే ఒక్కో చుట్టుకి నాలుగుసార్లు వెలుగుతూ ఆరుతూ వచ్చింది. గాజు అయితే చీకటిగానే ఉండిపోయేది. “ఇది రెయిన్‌బో మూన్‌స్టోన్ కాదు కదా, ఎక్కడో చదివాను” అని అడిగారు. ఆ పేరుతో వచ్చేది నిజానికి లాబ్రడరైట్. అదీ ఫెల్డ్‌స్పారే, అందమైనదే, కాకపోతే వేరే రాయి. దాని సాంద్రత 2.70 దగ్గర, వక్రీభవనం 1.56 దగ్గర. ఈ రెంటినీ కలిపి ఒకే పేరుతో పిలవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

అంతా మంచి కబురే కాదు. ఆరు గంటల అంచు దగ్గర నుంచి లోపలికి 3.4 మిల్లీమీటర్ల పగులు ఒకటి ఉంది. వాల్చితే చిన్న అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. ఫోటోలో అది లేదు. చీలిక దిక్కునే తెరుచుకుంది. అల్ట్రాసోనిక్‌లో వచ్చిందే. చంద్రకాంతాన్ని ఆ యంత్రంలో గానీ ఆవిరి యంత్రం కింద గానీ పెట్టకూడదని పనిలో మొదటి నెలే నేర్పాలి. ఆ దుకాణం దొంగతనం చేయలేదు, అశ్రద్ధ చేసింది. రిపోర్టులో రెండు విషయాలూ స్పష్టంగా రాశాను. మొదటిది రాసినందుకు ఆవిడ కాస్త నిరుత్సాహపడ్డారేమో అనిపించింది. గొడవకి సిద్ధమై వచ్చారు కదా.

ఏం చేశాం, ఏం చేయలేదు

పగులుకి మూడు దారులున్నాయి. రెసిన్ నింపితే కంటికి కనిపించకుండా పోతుంది, కానీ అది చికిత్స చేసిన రాయి అవుతుంది, ఎప్పటికైనా చెప్పి తీరాలి, రెసిన్ ఏళ్లకి పచ్చబడొచ్చు. రెండోది, సాన పట్టి పగులున్న భాగం తీసేయడం. దీన్ని నేనే గట్టిగా వద్దన్నాను. మొదట ఈ రాయిని కోసినవాడు పొరలు రాయి అడుగుకి సమాంతరంగా ఉండేట్టు చూసి, గుమ్మటం ఎత్తు సరిగ్గా కుదిర్చాడు. అందుకే వెలుగు నట్టనడుమ నిలుస్తోంది. ఒక పక్క అరగదీస్తే నడుమ మారుతుంది. వెలుగు పక్కకి ఒరిగిన చంద్రకాంతం చూడటానికి మెల్లకన్నులా ఉంటుంది. పైగా సాన మీద ఆ పగులు ఎటు పరిగెడుతుందో చెప్పలేం. మూడోది, అలాగే వదిలేసి జాగ్రత్తగా పొదగడం. అదే చేశాం.

వెనక భాగం గురించి ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. తెరిచి పొదిగితే నీళ్లు నిలవవు, ఆరిపోతాయి. కానీ అప్పుడు రాయి వెనక ఉండేది వేలి చర్మం. రాయిని ఆవిడ వేలి మీద ఆనించి చూపించాను, నీలం సగానికి పడిపోయింది. వద్దన్నారు. మళ్లీ లక్క పూసినా ఏదో రోజు మళ్లీ ఊడుతుంది. అందుకని గూడు అడుగున పూత వేయకుండా, గంధకపు ద్రావణంతో వెండినే నల్లబరిచాను. ఏ నలుపు పోగొట్టాలని ఆవిడ ఉంగరాన్ని క్లీనింగ్‌కి ఇచ్చారో అదే నలుపు ఇది. లోహం పైపొరే మారుతుంది కాబట్టి పొలుసులు లేవదు.

“నల్లగా చేసి చూపించడం మోసం కాదాండీ?” అని అడిగారు. మంచి ప్రశ్న. చెప్పకుండా అమ్మితే మోసమే. అమ్మమ్మ ఉంగరంలో మొదటి నుంచీ ఉన్నదాన్ని తిరిగి పెట్టి, ఆ సంగతి కాగితం మీద రాస్తే మరమ్మతు. రాసిచ్చాను.

పాత బెజెల్ అలసిపోయి అక్కడక్కడ చిట్లింది. దాన్ని తీసేసి 999 వెండితో కొత్త పట్టీ వేశాను. అతుకు పని అంతా రాయి లేనప్పుడే పూర్తిచేశాను. స్వచ్ఛమైన వెండి మెత్తగా ఉంటుంది, తక్కువ ఒత్తిడికే వంగుతుంది. మడిచేటప్పుడు పన్నెండు, మూడు, తొమ్మిది గంటల చోట్ల ముందు బిగించి, ఆరు గంటల వైపు చివర్లో, బొటనవేలితో పట్టీని వంచినంత మెల్లగా బర్నిషర్ (లోహాన్ని నొక్కి నునుపు చేసే పనిముట్టు) నడిపాను. ఇంతకంటే వివరంగా చెప్పను, చెయ్యి చెప్పేదే తప్ప మాట చెప్పేది కాదు.

గుమ్మటం మీద గీతలు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో దుమ్ములో సిలికా ఉంటుంది, దాని కాఠిన్యం 7. పొడిగుడ్డతో గట్టిగా తుడిచిన ప్రతిసారీ ఈ రాయిని కాస్త గీకుతున్నట్టే. పాలిష్ మాత్రం చేతితో కొద్దిగా చేసి ఆపేశాను.

అమ్మమ్మ మాట

ఇచ్చేసే రోజు ఆవిడ మళ్లీ ఆ పాత మాట ఎత్తారు. చంద్రుడితో పాటు పెరిగి తగ్గే రాయి ఒకటి ఉందని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమన్ పండితుడు ప్లినీ రాశాడని, అమ్మమ్మకి పెద్ద తోడే ఉందని చెప్పాను. ముత్యానికి బదులు చంద్రుడి కోసం దీన్ని ధరించేవాళ్లున్నారు, జూన్‌లో పుట్టినవాళ్ల రాయి అనేవాళ్లున్నారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 1970లో దీన్ని తన రాష్ట్ర రత్నంగా పెట్టుకుంది, చంద్రుడి మీదికి మనుషులు వెళ్లింది అక్కడి నుంచే కాబట్టి. తమాషా ఏమిటంటే ఈ రాయి ఆ రాష్ట్రంలో దొరకదు. ఇవన్నీ నేను పరీక్షించే సంగతులు కావు. శకునాలకి రిఫ్రాక్టోమీటర్ లేదు.

కానీ అమ్మమ్మ చూసింది అబద్ధమని కూడా నేను అనను. ఈ వెలుగు ఒకే చోట నుంచి వచ్చే చిన్న కాంతిలో బాగా లేస్తుంది. నాలుగు వైపులా ట్యూబ్‌లైట్లు ఉంటే పాలిపోతుంది. ఒక్క దీపం పెట్టుకున్న గదిలో ఒకలా, పట్టపగలు వసారాలో మరోలా కనిపించి ఉంటుంది. ఏళ్ల తరబడి వేలికి పెట్టుకున్నావిడ ఆ తేడా గమనించకుండా ఎలా ఉంటుంది?

జాగ్రత్తలు ఆవిడకు నోటితోనే చెప్పాను. గిన్నెలు తోమేటప్పుడు, స్నానం చేసేటప్పుడు తీసేయండి. నీళ్లలో నానబెట్టొద్దు, మూసిన గూడు కదా. మురికి పడితే ముందు ఊది, దుమ్ము పోయాక తడి చేసి పిండిన మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. పొయ్యి వేడి నుంచి చన్నీళ్లలోకి ఒక్కసారిగా పెట్టొద్దు. మిగతా నగలతో కలిపి ఒకే డబ్బాలో వేయొద్దు, వాటిలో నీలమణో మరకతమో ఉంటే దీన్ని గీకేస్తుంది. ఎక్కడ క్లీనింగ్‌కి ఇచ్చినా “మెషీన్‌లో పెట్టొద్దు” అని ముందే చెప్పండి, వీలైతే ఎదురుగా నిలబడండి.

పదకొండు నెలల తర్వాత చూపించడానికి తెచ్చారు. ఈసారి డబ్బా లేదు, వేలికే ఉంది. గుమ్మటం మీద కొత్తగా రెండు సన్నటి గీతలు. బెజెల్ బిగువుగానే ఉంది. గూటి కింద చెమ్మ లేదు, ఎటు వాల్చినా బుడగ లేదు. పగులు మళ్లీ కొలిచాను. 3.4. కార్డు మీద తేదీ వేసి ఆ అంకె రాస్తుంటే, “నిన్న అమావాస్యండీ, అయినా బాగానే ఉంది” అన్నారావిడ, ఉంగరాన్ని ల్యాంప్ కింద తిప్పుతూ.